కొత్త ఇంటికి పిట్టగోడ

మూలవాక్యము: ద్వితీయోపదేశకాండము 22:8



ఈ నెల ధ్యానమునకు తీసికొనిన వచనము చిన్నది. తప్పిపోయిన ఎద్దును గూర్చియు, పిట్టగూటిని గూర్చియు, ద్రాక్షతోటలో చల్లు విత్తనమును గూర్చియు ఉన్న ఆజ్ఞల నడుమ అది ఇరుకుకొని యున్నది. అందుచేత చదువుకొనిపోవువారు దానిని సాధారణముగా దాటిపోవుదురు. కొత్తగా ఇల్లు లేపు ప్రతివాడును మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెననియు, అది లేక ఎవడైనను జారి చచ్చినయెడల వాని రక్తము ఆ ఇంటి లెక్కలో వ్రాయబడుననియు దాని భావము.

పాలస్తీనా ఇండ్లు మన రాయలసీమ మట్టిమిద్దెల వంటివి. కప్పు చదునుగా నుండును. యెరికోలో రాహాబు మిద్దెమీద జనుపకట్టె ఆరబెట్టుకొనెను. ఆ కట్టెలోనే వేగులవారిని దాచెను. యొప్పేలో పేతురు ప్రార్థన చేసికొనుటకు మిద్దె యెక్కెను. కాబట్టి మిద్దె అలంకారము కాదు, అది పని జరుగు చోటు. పని జరుగుచోట కాలు జారుటయు జరుగును. షోమ్రోనులో అహజ్యా రాజు తన మేడగది కిటికీలోనుండి పడి మంచము పట్టి మరల లేవలేదని రాజుల రెండవ గ్రంథము మొదటి అధ్యాయములోనే చదువుచున్నాము. రాజుగారి మేడకే ఆ గతి పట్టినప్పుడు మన మిద్దెల మాట చెప్పనేల?

ఈ ఆజ్ఞలో నన్ను నిలువబెట్టిన సంగతి ఒకటి కలదు. అది ఎవడో పడిన తరువాత ఇచ్చినది కాదు. ఇల్లు కొత్తది. సున్నపు వాసన ఇంకను పోలేదు. దానిమీదనుండి ఇంతవరకు ఎవడును పడలేదు. యజమానుడు, 'నష్టము జరిగినట్లు రుజువు ఎక్కడ?' అని అడుగదలచినయెడల అడుగవచ్చును, రుజువు లేదు. అయినను మోషే అతని వాదము వినుటకు ఆగలేదు. కట్టుచున్న దినముననే గోడ పెట్టుమనెను. మరియొకటి చూడుడి: ఇల్లు కట్టవద్దని ఆయన చెప్పలేదు. పడుదురేమోయని గుడారములోనే ఉండుమనలేదు. కట్టుకొమ్మనెను, పిట్టగోడతో కట్టుకొమ్మనెను.

ఈ వచనము ఇప్పుడు ఎత్తుకొనుటకు కారణము ఉన్నది. గడచిన కోతకాల పండుగ దినమున ఆరాధన ముగిసి, హరాజు పాటలో గుమ్మడికాయలు, కోళ్లు అమ్ముడుపోయిన తరువాత, స్త్రీల సమాజమువారు నలుగురు వచ్చి నన్ను చెట్టుక్రిందికి పిలిచిరి. వారి పొదుపు సంఘమునకు మందు కొట్టు డ్రోను తీసికొను అవకాశము వచ్చినది. "అయ్యగారూ, తీసికొందుమా, వద్దా? దానివలన ఊరికి మేలా, కీడా?" అని అడిగిరి. ఆ దినమున నేను తిన్నగా జవాబు చెప్పలేకపోతిని. పొలములోనికి, పాకలోనికి, బావిలోనికి వచ్చుచున్న ప్రతి కొత్త సాధనమును గూర్చియు ఇట్టి ప్రశ్నయే రానున్నది గనుక, వారికి చెప్పవలసినది అందరికిని వ్రాయుచున్నాను. ముందు రెండు పాత సంగతులు చెప్పనియ్యుడి. అవియు ఒకప్పుడు కొత్త ఇండ్లే.

మొదటిది రాబందుల కథ. మనలో ఏబది ఏండ్లు దాటినవారికి రాబందు తెలియును. పిల్లలకు బొమ్మలోనే తెలియును. చచ్చిన గొడ్డును ఊరి వెలుపలికి ఈడ్చుకొనిపోవు పని ఏ పల్లెల మెడమీద మోపబడినదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. మన తాతలు ఆ తోలు తీయుచుండగా రాబందులు చెట్లమీద బారులు తీరి కూర్చుండెడివి. వారు తప్పుకొనగానే దిగి, కొద్ది గంటలలో ఎముకలు మాత్రము మిగిల్చెడివి. పీనుగు ఉన్నచోటికి అవి కూడుట ప్రభువైన యేసు కూడ ఉపమానముగా వాడుకొనినంత సామాన్యమైన దృశ్యము. 1980ల నాటికి ఈ దేశములో అవి కోట్ల సంఖ్యలో ఉండెనని పక్షిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1990లలో అవి రాలిపోవ నారంభించెను. మెడ వ్రేలవేసికొని కొమ్మమీద దినముల తరబడి కూర్చుండి, తరువాత క్రిందపడి చచ్చెడివి. 1992 మొదలు 2007లోపల తెల్లవీపు రాబందులలో నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించెను. భూమిమీద మరి ఏ పక్షిజాతియు ఇంత వేగముగా తగ్గుట అరుదు.

రోగమనుకొనిరి, ఆకలి అనుకొనిరి. కారణము 2004లో బయటపడినది. లిండ్సే ఓక్స్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పాకిస్తానులో చచ్చిన పక్షులను కోసి చూడగా, మూత్రపిండములు చెడి, లోపలి అవయవములమీద సున్నము చల్లినట్లు తెల్లని పొర ఏర్పడియుండెను. ఆ పక్షులలో డైక్లోఫెనాక్ అను నొప్పిమందు దొరకెను. అది మనుష్యులకు 1970ల నుండియు వాడుచున్న మందే. కీళ్లనొప్పికి మీరును మ్రింగియుందురు. 1990లలో అది చవుకయై పశువుల డాక్టరు సంచిలోనికి వచ్చెను. కుంటుచున్న ఎద్దు సూది పొడిచిన మరుసటి దినమున లేచి నడచెను. రైతు సంతోషించెను. సంతోషింపకుండునా? అరకకు ఎద్దే ఆధారము. అయితే ఆ ఎద్దు సూది వేసిన కొద్ది దినములలో చచ్చినయెడల మందు దాని మాంసములో మిగిలియుండును. తినిన రాబందులకు అది విషము. చచ్చిన పశువులన్నిటిలో ఆ మందు ఉండనక్కరలేదు. నూటికి ఒకటికంటె తక్కువ కళేబరములలో ఉన్నను ఈ జాతులు అంతరించుటకు చాలునని తరువాత లెక్క తేల్చిరి. ఏలయనగా ఒక్క కళేబరముమీద పదుల పక్షులు వ్రాలును, జంట ఏడాదికి ఒక్క గ్రుడ్డే పెట్టును.

ఆ మందును పరీక్షింపలేదని చెప్పుట సరికాదు. ఎద్దుకు నొప్పి తగ్గునా? తగ్గును. ఎద్దుకు హాని కలుగునా? అంతగా లేదు. ఈ రెండు ప్రశ్నలకును మంచి జవాబులే వచ్చెను. మూడవ ప్రశ్న మాత్రము ఎవరును వేయలేదు: పని ముగిసిన తరువాత ఇది ఎక్కడికి పోవును? ఈ దేశములో గోమాంసము తిననివారు మిక్కిలి యెక్కువ, కాబట్టి చచ్చిన ఎద్దు ఊరి వెలుపల రాబందుకే పోవును. ఈ సంగతి ఏ ప్రయోగశాలలోను వ్రాసియుండదు గాని మన పల్లెలలో ఏ ముసలివానిని అడిగినను చెప్పియుండును. అడుగలేదు. మోషే కాలములో పిట్టగోడ ఎత్తు ఎంతయని మేస్త్రి మాత్రమే తేల్చునో లేదో నాకు తెలియదు గాని, మిద్దెమీద పండుకొను పిల్లల తల్లిని అడిగినచో సరియైన కొలత వచ్చును.

2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించెను. మెలాక్సికామ్ అను మరియొక మందు రాబందులకు హాని చేయదని తేలినందున, ఎద్దు నొప్పికి దిక్కులేకుండ పోలేదు. అయినను మనుష్యులకొరకు తయారైన పెద్ద సీసాలు దొడ్లలోనికి వచ్చుచునే యుండెను. 2015లో మనుష్యుల సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించిరి. కీటోప్రొఫెన్ కూడ రాబందులను చంపుననియు, అసిక్లోఫెనాక్ పశువు శరీరములోనికి పోయి డైక్లోఫెనాక్‌గానే మారుననియు తెలిసిన తరువాత, వాటిని పశువులకు నిషేధించుట 2023లో జరిగెను. మొదటి నిషేధమునకును దీనికిని నడుమ పదునేడు ఏండ్లు.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన న్యాయవిధి ఇక్కడ జ్ఞాపకము చేసికొనదగినది. ఎద్దు తటాలున ఒకని పొడిచినయెడల ఎద్దునకే శిక్ష, యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచునదని ముందే తెలిసి, ఊరివారు హెచ్చరించియు అతడు కట్టివేయనియెడల, యజమానుడే దోషి. 1995లో ఆ సూది వేసినవాడు మొదటివాని వంటివాడు, అతనికి తెలియదు. 2010లో అంగడి వెనుకనుండి అదే సూది అమ్మినవాడు రెండవవాని వంటివాడు. తెలియనితనమునకును, తెలిసిన తరువాతి నిర్లక్ష్యమునకును దేవుని న్యాయములో ఒకే తూకపురాయి లేదు.

రాబందులు పోతే మనకేమి, అసహ్యమైన పక్షులే గదా అనువారు ఉందురు. లేవీయకాండము వాటిని తినవద్దన్నది గాని చంపుమనలేదు. అవి పోగా కళేబరములు కుళ్లెను, కుక్కలు పెరిగెను, నీటిలోనికి మురుగు దిగెను. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు, రాబందులు ఎక్కువగా నుండిన జిల్లాలను లేని జిల్లాలతో పోల్చి, 2000 మొదలు 2005 వరకు వాటి నాశనమువలన ఈ దేశములో సుమారు 5 లక్షలమంది అదనముగా మరణించియుందురని 2024లో ప్రచురించిరి. అంచనాయే, కాదనను. అందులో సగమే నిజమనుకొన్నను ఎన్ని ఇండ్ల దీపములు! మన తెలంగాణలో బెజ్జూరు అడవియందు ఒక కొండచరియమీద పొడుగుముక్కు రాబందులు 2013లో గూళ్లు కట్టి కనబడినప్పుడు పత్రికలలో అది వార్త యయ్యెను. ఆకాశము నిండ తిరిగిన పక్షి కనబడుటయే వార్తయగు దినము వచ్చినది.

రెండవ కథ చెప్పుటకు నాకు కొంచెము సిగ్గుగా నున్నది, ఏలయనగా ఇందులో నేనును ఉన్నాను.

2002 మార్చిలో బీటీ పత్తికి ఈ దేశములో అనుమతి దొరకెను. నేలలోని ఒక సూక్ష్మజీవి పురుగును చంపు పదార్థమును తయారుచేయును. ఆ శక్తిని పత్తి మొక్కలోనే పెట్టిరి. అంతకుముందు శనగపచ్చ పురుగు మన వరంగల్లు వైపు పత్తిరైతులను ఏమి చేసెనో, ఎన్ని ఇండ్లలో పురుగుమందు డబ్బాయే చివరి పానమాయెనో మీరు మరచియుండరు. ఆ సమాధి కూడికలలో నేను ప్రార్థనలు చేసితిని. కాబట్టి కొత్త విత్తనము వచ్చి, మందు కొట్టు తడవలు తగ్గినప్పుడు, నేను దానిని మేలుగానే ఎంచితిని. నేటికిని ఆ మొదటి సంవత్సరముల మేలును కాదనను.

ఆ విత్తనపు డబ్బాలో రెండు సంచులు ఉండెడివి. 450 గ్రాముల బీటీ విత్తనము ఒకటి; 120 గ్రాముల మామూలు విత్తనము మరియొకటి. ఆ చిన్న సంచిలోనిది చేను చుట్టును అయిదు సాళ్లకు తగ్గకుండ, లేదా చేనిలో అయిదవ వంతు మేరకు, ఏది ఎక్కువైన అది, విత్తవలెనని నియమము. ఎందుకు? బీటీ మొక్కను తినిన పురుగులలో లక్షకొకటి చావకుండ మిగులునేమో. అట్టి మొండి పురుగు మరియొక మొండి పురుగుతో జతకట్టినయెడల పిల్లలన్నియు మొండివే. చుట్టునున్న మామూలు పత్తిలో సాధారణ పురుగులు వేలకొలది బ్రదికియుండినచో, మొండిది వాటితో జతకట్టి దాని మొండితనము పలుచబడిపోవును. ఆంగ్లములో ఆ సాళ్లకు రెఫ్యూజ్ అని పేరు, అనగా ఆశ్రయము. సంఖ్యాకాండము 35వ అధ్యాయములోని ఆశ్రయపురముల వలె, అక్కడ పురుగునకు ప్రాణభయము లేదు. కొన్నిటిని బ్రదుకనిచ్చుటవలననే పంట బ్రదుకును. రైతు చెవికి ఇది వింతగా నుండును, వింతయే.

ఆ చిన్న సంచిని మేమేమి చేసితిమి? మా యన్నగారి రెండెకరములలో నేనును విత్తుటకు దిగిన సంవత్సరము, "పురుగును మేపుటకు అయిదు సాళ్లు పోగొట్టుకొందుమా" అని నవ్వి, దానిని గట్టు అవతల పారవైచితిమి. సంచిమీద ఏమి వ్రాసియున్నదో నేను చదివితిని. చదువురాదను సాకు నాకు లేదు. ఆ సాయంకాలమే నేను గుడిలో ప్రార్థన నడిపితిని. మా ఒక్క చేనిలోనే కాదు, చాల ఊళ్లలో అట్లే జరిగెను.

గులాబి పురుగు కాయలోపల దాగి తినును. మన దేశములో దానికి పత్తి తప్ప దాదాపు వేరు ఆహారము లేదు. శనగపచ్చ పురుగునకైతే శనగ, కంది, టమోటా ఉన్నవి. ఆ చేలే దానికి సహజమైన ఆశ్రయము. అందుచేత అది ఇంకను చాలవరకు లొంగియున్నది. గులాబి పురుగునకు మనము పారవేసిన ఆ అయిదు సాళ్లే దిక్కు. నీరున్నచోట పత్తిని సంక్రాంతి దాటి మార్చి వరకు నిలుపుట కూడ దానికి విందైనది. మొదటి బీటీని అది జయించినదని 2010లో గుజరాతునుండి తెలిసెను. 2006లో వచ్చిన రెండు జన్యువుల విత్తనమును కూడ ఆ తరువాతి ఏండ్లలో జయించెను. నేడు మన పత్తి చేలలో గుడ్డిపూలు కనబడినప్పుడు, కాయ పగులగొట్టి ఆ ఎర్రని పురుగును చూచినప్పుడు, మరల పంపు వీపున వేసికొనినప్పుడు, ఆ 120 గ్రాముల సంచి నా కన్నుల ఎదుట కదలును.

ఇదే పురుగు, ఇదే బీటీ, అమెరికాలోను ఉండెను. అరిజోనా రైతులు మొదట ఆశ్రయపు సాళ్లు నిలిపిరి. తరువాత వంధ్యములైన చిలుకలను విమానములనుండి కోట్లకొలది వదలిరి. 2018లో ఆ దేశపు పత్తి ప్రాంతములలో గులాబి పురుగు నిర్మూలమైనదని వారి ప్రభుత్వము ప్రకటించెను. మన రైతుకు చిన్న కమతము, వారికి విశాలమైన భూములు. పోలిక సరిగా కుదరదని నాకును తెలియును. రెండెకరములలో అయిదు సాళ్లు విడుచుట పేదవానికి బరువే, ఆ బరువును తేలిక చేయుటకు పైవారు చేయవలసినంత చేయలేదు. చాల ఆలస్యముగా రెండు విత్తనములను ఒకే సంచిలో కలిపి ఇచ్చు పద్ధతి వచ్చెను. అయినను సహోదరులారా, ఇక్కడ కంపెనీని నిందించి నేను తప్పించుకొనలేను. రాబందుల విషయములో పిట్టగోడ ఎవరును కట్టలేదు. పత్తి విషయములో పిట్టగోడను సంచిలో పెట్టి చేతికిచ్చిరి. దానిని మేము గట్టు అవతల పారవైచితిమి.

ఈ రెండు కథలు విని, కొత్తదేదియు వద్దని ఎవడైనను అనుకొనునేమో. అట్లయినచో డీడీటీని జ్ఞాపకము చేసికొనుడి. 1947లో ఈ దేశములో ఏటేట సుమారు 7.5 కోట్లమందికి చలిజ్వరము వచ్చి 8 లక్షలమంది చనిపోవుచుండిరని అంచనా. 1953లో ఇంటి గోడలకు డీడీటీ కొట్టు పని దేశమంతట ఆరంభమాయెను. 1965 నాటికి జ్వరపీడితులు లక్షకు దిగిరి. ఆ మందు లేనియెడల ఈ పత్రిక చదువుచున్న మనలో కొందరి తల్లిదండ్రులు పెరిగి పెద్దవారై యుండరు. అదే మందును పొలములలో కుమ్మరించినందున అది నీటిలోను, చేపలలోను, వాటిని తిను పక్షుల క్రొవ్వులోను చేరెను. దోమలును దానికి అలవాటుపడెను. 1976లో జ్వరము మరల 64 లక్షలమందిని పట్టెను. వ్యవసాయములో దానిని మన దేశము 1989లో నిషేధించెను. ఇంటి గోడమీద అది ప్రాణము నిలిపెను, చేనిలో చెరుపు చేసెను. మందు ఒక్కటే. పని ముగిసిన తరువాత ఎక్కడికి పోవును అను ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు.

ఇప్పుడు మన గుమ్మములోనికి వచ్చుచున్నవాటిని చూతము. 2025 మే 4న జన్యుసవరణ చేసిన రెండు వరి వంగడములను కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించెను. రెండింటి పుట్టిల్లును మనదే. ఒకటి, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరిని హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ సవరించినది. దానికి కమల అని పేరు. రెండవది, మార్టేరులో పుట్టిన ఎం.టి.యు. 1010ను, అనగా మన కాటన్‌దొర సన్నాలను, ఢిల్లీలో సవరించినది. కమల ఇరువది దినములు ముందుగా కోతకు వచ్చుననియు, దిగుబడి సుమారు 19 శాతము హెచ్చుననియు చెప్పిరి. రెండవది చవుడు నేలకు ఓర్చుకొనునట! ఇరువది దినముల కాలువ నీరు మిగులుట చిన్న సంగతి కాదు. కాలువ చివర భూములవారు దాని విలువ ఎరుగుదురు.

కొందరు సహోదరులు, ద్వితీయోపదేశకాండము 22:9లో రెండు విధముల విత్తనములు కలుపవద్దని ఉన్నది గనుక ఇది పాపమని నాతో వాదించిరి. నేను ఆ వచనమును అట్లు వాడను. అట్లు వాడినయెడల కందిలో జొన్న కలిపి విత్తిన మన తాతలందరును పాపులే. పైగా ఈ వరిలో అన్యజీవి జన్యువు మిగిలియుండదని, ఉన్నదానినే కత్తిరించి సరిచేసితిమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అందుచేతనే 2022 మార్చిలో ప్రభుత్వము ఇట్టి సవరణ మొక్కలకు, బీటీ పత్తి దాటవలసివచ్చిన కఠినమైన జీవభద్రతా నియమములనుండి మినహాయింపు ఇచ్చెను. సంస్థలోని జీవభద్రతా సంఘము పరీక్షించి, పరాయి జన్యువు లేదని ధ్రువపరచవలెను. తక్కువ గోడతో కట్టుకొనవచ్చునని దాని అర్థము. నాకు ఆ మినహాయింపు తప్పని చెప్పు జ్ఞానము లేదు. గోడ తగ్గించినప్పుడు పైన తిరుగువాడు మరి జాగ్రత్తగా చూచుకొనవలెనని చెప్పగలను. మీ ఊరికి ఆ విత్తనము వచ్చినప్పుడు దిగుబడి ఒక్కటే అడిగి రావద్దు. చేనిలో మొలచు అడవివరికి దీని పుప్పొడి సోకినయెడల ఏమగును? జిల్లా అంతట ఒకే వంగడము నిండి ఒక తెగులు వచ్చినయెడల మారు విత్తనము ఎవరి గరిసెలో ఉన్నది? నష్టము వచ్చినచో ఎవరి ఇంటి లెక్కలో వ్రాయుదురు? ఈ ప్రశ్నలు అడుగుటకు కాలేజీ చదువు అక్కరలేదు.

అడుగు హక్కు మనకు లేదనుకొనువారు ఉన్నారు. 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో బీటీ వంకాయను గూర్చి నాటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఏడు పట్టణములలో జనుల మాట వినెను. వాటిలో హైదరాబాదు ఒకటి. రైతులు, శాస్త్రజ్ఞులు ఇరుపక్షముల కేకలు వేసిరి. ఫిబ్రవరి 9న ఆయన దానిని నిలిపివేసెను. అది సరియో కాదో నేటికిని వాదమున్నది; మాట వినబడెననునది మాత్రము నిజము. పెద్ద కర్మాగారములు, గనులు వచ్చునప్పుడు 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము ముప్పది దినముల ముందు నోటీసు ఇచ్చి, జిల్లా అధికారి ఎదుట ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. మనవారు ఆ సభకు పోయి షామియానా నీడలో కూర్చుండి, పొట్లము తిని, సంతకము పెట్టి వచ్చుచున్నారు. నివేదిక సారాంశము తెలుగులో ఉండవలెను. దానిని అడిగి తీసికొని, సంఘములో చదువు వచ్చిన ఒక యౌవనస్థునిచేత గట్టిగా చదివించుకొనుటకు ఎంత సేపు పట్టును? బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14లో చెప్పిన మాట శిష్యత్వమును గూర్చినదే గాని, కూర్చుండుటకు ఓపిక లేనివానికి ఏ పనిలోను లెక్క తేలదు.

ఇక డ్రోను. స్త్రీల సమాజపు సహోదరీలారా, మీకు బాకీ ఉన్న జవాబు ఇది.

2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పథకములో 15,000 మహిళా సంఘములకు డ్రోనులు ఇచ్చుటకును, ఖరీదులో 80 శాతము, 8 లక్షల రూపాయలకు మించకుండ, సాయము చేయుటకును నిర్ణయించిరి. దానిలో నాకు అన్నిటికంటె గొప్పగా కనబడు మేలు ఒకటి. మన పల్లె యౌవనస్థులే తైవాన్ పంపు వీపున మోసి, కూలికి మందు కొట్టుచున్నారు. చొక్కా తడిసి, కండ్లు మండి, సాయంకాలము అన్నము సయించక పండుకొనువారు మన బిడ్డలే. డ్రోను వచ్చినయెడల ఆ విషపు మంచునుండి వారి దేహము తప్పించుకొనును. వారి కూలియు తప్పిపోవును. ఆ రెండవ మాటను ఎవరును మీతో చెప్పరు గనుక నేను చెప్పుచున్నాను. డ్రోను నడుపుటకు ఆ పిల్లలలో ఇద్దరికైన నేర్పించుడి.

కీడు ఎక్కడ ఉండగలదు? పంపుతో ఎకరమునకు వంద, నూటయేబది లీటర్ల నీళ్లు కలిపి కొట్టెదరు; డ్రోనుతో పది లీటర్ల ప్రాంతమే. అనగా మందు చిక్కనిది, తుంపర సన్ననిది, పైనుండి పడునది. పని ముగిసిన తరువాత అది ఎక్కడికి పోవును? గాలి తీసికొనిపోయిన చోటికి పోవును. ప్రక్క చేనిలో మల్బరీ ఉన్నయెడల పట్టుపురుగు చచ్చును. చెరువు గట్టున ఉన్నయెడల చేప చచ్చును. ఉదయము పూలమీద తేనెటీగలు ఉండు వేళ కొట్టినయెడల మీ నువ్వు, పొద్దుతిరుగుడు కాయ పట్టదు, ఎందుకు పట్టలేదో మీకు తెలియను కూడ తెలియదు. డ్రోనుతో మందు కొట్టుటకు 2021 డిసెంబరులో వ్యవసాయ శాఖ నియమావళి వెలువరించినది. అది డ్రోను అమ్మువాని సంచిలో ఉండవలసిన కాగితము. అడుగుడి. ఆ కాగితము కూడ 120 గ్రాముల సంచి వంటిదే.

గత ఆదివారము ఆరాధన తరువాత మీరు మరల కూడినప్పుడు, తీసికొందుమనువారు పదునొకరు, వద్దనువారు నలుగురు. ఊరి పటము వంటిది నేలమీద ముగ్గుపిండితో గీసి, చెరువు ఎక్కడ, బడి ఎక్కడ, తాగునీటి బావి ఎక్కడ, ఎవరి చేనిలో తేనెపెట్టెలు ఉన్నవి గుర్తులు పెట్టితిరి. అది చూచి నాకు సంతోషమాయెను. చివరకు మూలన కూర్చున్న పెద్దమ్మ, జీవితమంతయు పరుల చేలలో కలుపు తీసిన మనిషి, "మందు కొట్టు దినమున ఆ ప్రక్క చేనిలో మేము కలుపు తీయుచుందుము గదా, మాకు ఎవరు చెప్పుదురు?" అని అడిగినది. అంతవరకు ఆ మాట ఎవరికిని తట్టలేదు, నాకును తట్టలేదు. కార్యదర్శి దానిని సంఘపు పుస్తకములో మొదటి నియమముగా వ్రాసికొనినది: ముందటి సాయంకాలము మన పేటలో టముకు వేయింపవలెను. టముకు ఎవరు వేయుదురు, వానికి కూలి ఎవరు ఇచ్చుదురు అనునది వచ్చే బుధవారపు కూటమిలో తేల్చుకొందురు. ఆ కూటమికి వచ్చుటకు నాకును పిలుపు ఉన్నది.